కోడిపెట్ట చరణం

మా జాంజిబార్‌లో మగవాళ్ల మేళంతో కలిసి, అందరి ముందూ పాడిన మొదటి ఆడది జువేనా. అప్పుడామెకు ఇరవై రెండేళ్లు.

"పాట కావాలో, పిల్ల కావాలో తేల్చుకో," అన్నాడు మొగుడు.

రెండూ దక్కుతాయనుకుని గడప దాటింది, పిచ్చిది. మూడేళ్ల కూతురు ఆస్యా దగ్గరికి అతను ఆమెను మళ్లీ రానివ్వలేదు. ఛీ కొట్టిన ఊరే తర్వాత ఆమె పాట లేనిదే పెళ్లి చెయ్యనంది. ఆస్యా మాత్రం పెద్దదయ్యాక కూడా, తల్లి ఎదురుపడితే సందు మార్చేది.

మా పెళ్లిళ్లలో ఏ చరణం ఎవరి మనసుకు తగిలితే వాళ్లు లేచొచ్చి పాటగత్తె చేతిలో నోటు పెడతారు. పెట్టాక ఆ చరణం మళ్లీ పాడి తీరాలి. సవతులు ఒకరినొకరు దెప్పుకునేది అలాగే. ఎవరు ఎవర్ని పొడిచినా జువేనాకు పట్టేది కాదు.

నలభై ఏళ్ల తర్వాత, ఒక పెళ్లిలో కోడిపెట్ట పాట అందుకుంది.

"గింజలకని పోయిన తల్లి గూటికి రానేలేదు..."

ఆడవాళ్ల మధ్యనుంచి ఆస్యా లేచింది. నోటు పైకెత్తి పట్టుకుని, అందరూ చూస్తుండగా నింపాదిగా నడిచొచ్చింది. తల్లి అరచేతిలో పెట్టింది.

"ఆస్యా..."

"ఆ చరణం ఇంకోసారి, జువేనా బీ," అంది, ఊళ్లోవాళ్లు పిలిచినట్టే.

జువేనా నోటు వెనక్కి ఇవ్వబోయింది. పక్కన వయొలిన్ ముసలాయన గొణిగాడు: "నోటు పడిందక్కా. పాడు."

పాడింది.

ఆస్యా కదల్లేదు. సంచీ తెరిచి ఇంకో నోటు తీసింది.