రంగూన్ గోడకు పెట్టిన దీపం

మొన్న పొద్దున పక్కింట్లోంచి కమురు వాసన కొట్టింది. అన్నం మాడిన వాసన కాదు, బట్ట అంటుకున్న వాసనా కాదు. ప్లగ్గు కాలే వాసన. చెప్పులు కూడా తొడుక్కోకుండా పోయి చూస్తే షాహీన్ ఇస్త్రీపెట్టె ముందు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. కువైట్‌లో పనిచేస్తూ సెలవు మీద రాయచోటికి వచ్చిన పిల్ల. అక్కడి పెట్టె ప్లగ్గుకు మూడు చదరపు కాళ్లు, మన గోడకు గుండ్రటి బొక్కలు. కాళ్లు కోసి పారేసి, తీగలు ఒలిచి బొక్కల్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించింది. నేను స్విచ్చి ఆపి, తిట్టవలసినంతా తిట్టి ఇంటికొచ్చాను. వచ్చానే గానీ కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ వాసన తగిలితే నాకు రంగూన్ గుర్తుకొస్తుంది, గంగక్క గుర్తుకొస్తుంది. ఇంక ఆ పూటంతా వాకిట్లోకి, ఇంట్లోకి తిరగడమే.

గంగక్కది కమలాపురం పక్క పల్లె. నాటకాల కంపెనీ నడిపేది. మనిషి నిలబడి అన్నం తినేది, నడుస్తూ ఆకువక్క నమిలేది. ఒక ఊళ్లో ఆట ముగియకముందే పై ఊరికి బండ్లు మాట్లాడేది. మాది మగ్గాల ఇల్లు. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే అత్తవారు వద్దన్నారు, పుట్టింటివారూ వద్దన్నారు. వేషాల బట్టలు కుట్టడానికని గంగక్క నన్ను పెట్టుకుంది. అప్పట్లో మా పల్లెలకు కరెంటు లేదు. కంపెనీకి సొంత ఇంజను ఉండేది, దానితోనే దీపాలు వెలిగేవి. ఏ ఊళ్లోనైనా ముందుగా నరసింహస్వామి పటం మీది చిన్న ఎర్ర బల్బు వెలగాలి, ఆ తర్వాతే రంగస్థలం దీపాలు. అది కంపెనీ ఆనవాయితీ. ఆ బల్బు పెట్టే పనిని గంగక్క నాకు అప్పగించింది. బొట్టు లేని ఆడదాని చేత స్వామికి దీపమా అని కంపెనీవాళ్లు గొణిగారు. సామికి లేని నొప్పి మీకెందుకప్పా అని ఆమె తోసేసింది. నాకు మాత్రం బల్బు పెట్టిన ప్రతిసారీ గుండె దడదడలాడేది.

పెద్ద యుద్ధం రాకముందు మాట. బర్మాను అప్పుడే ఇండియా నుంచి విడదీసి వేరే దేశం చేశారు. రంగూన్‌లోని మనవాళ్లు ఆడమని పిలిచారు. అక్కడ గోడల్లోనే కరెంటు ఉంటుందని తెలిసి గంగక్క ఇంజను కడపలో వదిలి, దీపాలు మాత్రం ఓడకెక్కించింది. తీరా నాటకశాలలో దిగితే మా ప్లగ్గు కాళ్లు అక్కడి గోడకు పట్టలేదు. ఆమె అప్పటికప్పుడు బజారుకు పోయి, ఒక పక్క మా కాళ్లు పట్టేది, ఇంకో పక్క వాళ్ల గోడకు పట్టేది, నల్లటి ముక్క ఒకటి తెచ్చింది. ఇప్పుడు దాన్ని అడాప్టరు అంటున్నారు. అది టక్కున కూర్చుంది. గంగక్క మొహం వెలిగిపోయింది. ఆనవాయితీ ప్రకారం స్వామి బల్బు పెట్టి నేను స్విచ్చి వేశాను.

ఎర్ర బల్బు కళ్లు చెదిరేలా తెల్లగా మండి, ఫట్‌మని పగిలింది. పటం మీద గాజు పెంకులు రాలాయి. కమురు వాసన. రాజు వేషం కట్టే ఓబులేసు కిరీటం తీసి పెట్టెలో పెట్టాడు.

"ముండమోసిన చెయ్యి పెడితే దీపం నిలుస్తాదా? దీన్ని ఓడెక్కించు అక్కా. ఇది ఈడ ఉంటే నేను ఆడేది లేదు."

తక్కినవాళ్లు అతని వెనక చేరారు. సాయంత్రం ఆట. రాజు లేకుండా ఆట లేదు. ఓడెక్కి వస్తే తలుపు తీసే ఇల్లు నాకు లేదు. నేను గాజు పెంకులు ఏరుతూ ఉండిపోయాను, తల ఎత్తితే ఎవరి మొహం చూడాలో తెలియక.

గంగక్క ఆ గదిలో అటూ ఇటూ తిరిగింది. బయటికి పోయి నాటకశాల వైర్‌మన్‌ను పిలుచుకొచ్చింది. తూర్పు జిల్లాల నుంచి వచ్చిన తెలుగువాడే. పగిలిన బల్బు మెడ తిప్పి చూసి, ఇది నూటపది వోల్టులది, మీ ఇంజను బలం అంతే, ఈ గోడలోంచి వచ్చేది దానికి రెండింతలు అన్నాడు. పెద్ద దీపాలు ముందు పెట్టి ఉంటే అన్నీ ఒక్క దెబ్బకు పోయేవట. ఒకే రకం బల్బులు రెండేసి తీసుకుని ఒకదాని వెనక ఒకటి కడితే, వచ్చే బలాన్ని చెరిసగం పంచుకుంటాయట. ఒకటి ఆరితే రెండోదీ ఆరుతుంది, అంతే తేడా.

గంగక్క ఓబులేసు వైపు తిరిగింది. "దీపం పగలగొట్టింది ఈ పాప చెయ్యి కాదప్పా, నా తెలివి. కాళ్లు పడితే చాలనుకుంటి. గోడలో ఎంత బలముండాదో అడగాలని తోచలేదు నాకు. ఓడెక్కించేదుంటే నన్ను ఎక్కించు."

వైర్‌మన్ రెండు ఎర్ర బల్బులు జతచేసి కట్టాడు. అతనే స్విచ్చి వేయబోతే ఓబులేసు సరేనన్నట్టు తలూపాడు. గంగక్క ఆపింది. నా రెక్క పట్టి గోడ దగ్గరికి తెచ్చింది. ఇంకోసారి పగిలిందా, నా బతుకు అయిపోయినట్టే. నా వేళ్లు వెనక్కి పోతున్నాయి. ఆమె నా వెనకనే నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆ మనిషి కదలకుండా నిలబడటం చూశాను.

"చెయ్యి తీయాకు. వెయ్యి."

వేశాను. రెండు బల్బులూ ఎర్రగా, ఎప్పటిలాగే వెలిగాయి. కాసేపటికి పెట్టె మూత తీసిన చప్పుడైంది. ఓబులేసు కిరీటం తుడుచుకుంటున్నాడు.

తిరుగు ఓడలో గంగక్క నన్ను బల్బుల మెడల మీది అంకెలు నేర్చుకోమని సతాయించింది. అవే నా ఓనమాలు. అక్షరాలు మటుకు నలభై దాటాక వచ్చాయి. యుద్ధంలో కంపెనీ చెదిరిపోయింది, కొన్నాళ్లకు ఆమే పోయింది. స్వామి దీపాన్ని ఎవరికైనా ఇవ్వగలిగినామె నాకే ఎందుకిచ్చిందో అడగాలని ఉండేది. ఒకచోట కూర్చుంటే కదా అడగడానికి.

మొన్న సాయంత్రమే మన గోడకు సరిపోయే ప్లగ్గు తెప్పించి షాహీన్ ఇస్త్రీపెట్టెకు బిగించాను. పెట్టె మీది అంకెలు చదివాను, మన కరెంటుకు సరిపోతాయి. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకు భయమైతాంది. నువ్వే వెయ్యి అవ్వా."

నా గుండె కూడా దడదడలాడుతూనే ఉంది. అది ఈ వయసులోనూ నిమ్మళించలేదు. ఆమె చెయ్యి తీసి స్విచ్చి మీద పెట్టించాను. ఆమె వెనకనే, కదలకుండా నిలబడ్డాను.

"చెయ్యి తీయాకు" అన్నాను.