నారప్ప టెంకాయ, మా నాలుగు కడ్డీలు

1999 జూన్‌లో నేను అసిస్టెంట్ జియోఫిజిసిస్టుగా అనంతపురం జిల్లా భూగర్భ జలాల కార్యాలయంలో చేరాను. రైతు దరఖాస్తు పెట్టుకుంటే అతని పొలానికి వెళ్ళి, బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడే అవకాశం ఉందో చూసి గుర్తు పెట్టడం నా పని. దాన్ని అక్కడ అందరూ పాయింటు పెట్టడం అంటారు. నేలలో ఒకే వరుసలో నాలుగు ఇనుప కడ్డీలు దిగగొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తాం. గట్టి రాయి కరెంటును బాగా అడ్డుకుంటుంది. చివికి, తడిసిన రాయి అంతగా అడ్డుకోదు. కడ్డీల మధ్య దూరం పెంచేకొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది.

నల్లమాడ వైపు ఒక ఊరి హైస్కూల్లో రామాంజనేయులు అనే సైన్సు మాస్టారు ఉండేవారు. శనివారం మధ్యాహ్నాలు పిల్లలతో సైన్సు క్లబ్బు నడిపేవారు. ఆ ఊళ్ళో పాయింట్లు పెట్టడానికి వెళ్ళినప్పుడు పరిచయమై, ఒకరోజు వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ నాలుగు మాటలు మూడేళ్ళకు పైగా సాగాయి. అది ఆఫీసు పని కాదు కనుక జీపు తీసేవాణ్ణి కాదు. కదిరిలో బస్సు మారి వెళ్ళేవాణ్ణి. మాస్టారు పోయి ఏడాదైంది. ఆయనతో కలిసి పనిచేసిన రోజుల్లోని ఈ ఒక్క సంగతి రాసి ఉంచాలనిపించింది.

2002లో పిల్లలు స్కూలు ల్యాబులోని మీటర్లు, ఒక ట్రాక్టరు బ్యాటరీ, నాలుగు కడ్డీలు పెట్టి నా పరికరానికి చిన్న నమూనా తయారుచేశారు. రీడింగులు రాసేది తొమ్మిదో తరగతి నాగలక్ష్మి. అంకె అనుమానంగా ఉంటే మళ్ళీ కొలవందే రాసేది కాదు. ఆ పిల్ల తాత నారప్ప టెంకాయతో నీళ్ళు చూసేవాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని పొలమంతా నడుస్తాడు. అది నిలువుగా లేచిన చోట నీళ్ళున్నట్టు. నీళ్ళు పడవచ్చని నేను సర్టిఫికెట్ ఇచ్చిన రైతులు కూడా నారప్ప వచ్చి చూస్తేగాని బోరు లారీని పిలిచేవారు కాదు. అది నాకు గుచ్చుకునేది.

ఒక శనివారం పిల్లలకు పరీక్ష అంటే ఏమిటో చెబుతూ, నారప్పనే పరీక్షిద్దాం అన్నాను. ముందు కళ్ళు తెరిచి పాయింటు చూపించాలి. తరువాత కళ్ళకు గుడ్డ కట్టుకొని అదే పొలంలో నడవాలి. టెంకాయ అక్కడే లేస్తుందో లేదో చూడాలి. పిల్లలు హుషారుగా కేకలు వేశారు. నాగలక్ష్మి మాత్రం, “అందరి ముందరా సార్?” అని అడిగింది. అవును అన్నాను.

తరువాతి శనివారం ఆ పిల్ల కనిపించలేదు. సంగతి ఇంట్లో తెలిసి బడే మాన్పించారని, చెనిక్కాయలు, అదే వేరుశనగలు, ఒలిచే కూలికి పోతోందని మాస్టారు చెప్పారు. తొమ్మిదిలో ఆగిన ఆడపిల్ల తిరిగి బడికి రావడం ఆ ఊళ్ళో ఆయన చూడలేదు. ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం.

నారప్ప అరుగు మీది నుంచి లేవలేదు. “రాండి సారూ. కళ్ళకు కట్టేదానికి గుడ్డ తెచ్చుకున్యారా, నా పంచె చించాల్నా?”

మాస్టారు నచ్చజెప్పబోయారు. ముసలాయన వినిపించుకోలేదు. “బడికి పంపిస్తే తాతను దొంగని చేసేది నేర్పిస్తాండారు. ఆ సదువు మాకొద్దప్పా.”

వాకిట్లో నిలబడిన నాగలక్ష్మి నన్ను చూసి అంది. “సార్, మా తాత పాయింట్లు ఎన్ని పోయినాయో ఊళ్ళో ఎవురినడిగినా చెప్తారు. మీవి ఎన్ని పోయినాయి?”

బోరు వేశాక ఏమైందో రాసుకోవడానికి ఫారంలో ఒక గడి ఉండేది. నేను దాన్ని ఎప్పుడూ నింపలేదు. నీళ్ళు పడినవాళ్ళు వచ్చి చెప్పేవారు, పడనివాళ్ళు వచ్చేవారు కాదు. అందువల్ల నా పాయింట్లు చాలావరకు సరైనవేనని నమ్ముతూ వచ్చాను. బయటికి వచ్చాక మాస్టారు, “పిల్ల సరైన ప్రశ్న అడిగింది, జవాబు వెతకాల్సిందే” అన్నారు.

రెండు శనివారాలు పిల్లలను వెంటబెట్టుకొని, ఆ ఊళ్ళో నేను పాయింటు పెట్టిన ప్రతి పొలానికీ వెళ్ళాను. మొదటి పొలం ఓబులేసుది.

“మూడేండ్లకు గుర్తొచ్చినామా సారూ! నీ పాయింట్లో నీళ్ళు పడలా, దుమ్ము పడినాది. ఆ పొద్దు తెల్లబడిన మా ఎద్దు ఇంగా తెల్లగానే ఉండాది, చూడు” అన్నాడు. పిల్లలు నవ్వి, నా ముఖం చూసి ఆగిపోయారు. రాయండి అన్నాను.

సగానికి పైగా ఎండు బోర్లే. తరగతి గదిలో బోర్డు మీద పైన నా పేరు, కింద ఆ రైతుల పేర్లు నేనే రాశాను.

ఆ వారంలోనే కబురు నారప్పకు చేరింది. తరువాతి శనివారం ఆయనే టెంకాయతో బడికి వచ్చాడు. వెనక నాగలక్ష్మి యూనిఫారంలో ఉంది.

“సారు తన తప్పులు తానే బోర్డు మీద రాసుకున్యాడంట గదా. నాయీ రాసుకోండి” అన్నాడు. బడి వెనక పొలంలో కళ్ళు తెరిచి నడిచి, కింది గట్టు దగ్గర పాయింటు చూపించాడు. ఇక గుడ్డ కట్టడానికి మగపిల్లలు జంకారు. “నువ్వే కట్టుమే” అని మనవరాలికి చెప్పాడు. ఆమె కట్టింది.

మొదటిసారి టెంకాయ గట్టుకు చాలా దూరంగా లేచింది. రెండోసారి ఇంకెక్కడో లేచింది. గుడ్డ విప్పితే ఆయన పాదాల కింద బండ ఉంది. ఎవరూ నవ్వలేదు. ఆయన వంగి ఆ బండను చేత్తో తడిమాడు.

“ఈ బండ మీద నేను జన్మలో పాయింటు పెట్టను. అయితే ఇన్నాళ్ళూ చూస్తాండేది టెంకాయ కాదప్పా. నేనే” అన్నాడు.

తరువాత పిల్లలను గట్టు దగ్గరికి తీసుకుపోయి తాను చూసేవేమిటో చూపించాడు. నేల వాలు, బండ పగులు సాగిన వరుస, పుట్ట, ఎండాకాలంలోనూ పచ్చగా ఉండే కానుగ చెట్టు. పిల్లలు అక్కడే కడ్డీలు దిగగొట్టారు. రీడింగు తక్కువ వచ్చింది. తడి ఉండవచ్చని నాగలక్ష్మి తాతకు చెప్పింది. “బోరు ఏసి నీళ్ళు చూసేదాకా సరి అని రాయొద్దుమే” అన్నాడాయన.

సోమవారం నుంచి ఆ పిల్ల బడికి వచ్చింది. మరుసటి ఏడాది పదో తరగతి పరీక్ష రాసింది.

ఆ తరువాత సర్వీసు ముగిసేదాకా నేను ఇచ్చిన ప్రతి పాయింటు ఫలితం కనుక్కొని రాసుకున్నాను. పిల్లలకు పరీక్షించడం నేర్పుతున్నాననుకున్న రోజున నేను పరీక్షకు పెట్టింది ఎదుటివాడి పనిని మాత్రమే. తన పనిని ముందుగా అదే కొలతకు పెట్టనివాడి దగ్గర సైన్సు నేర్చుకోవడానికి ఎవరికీ కారణం లేదు. ఇది నాకు చెప్పింది తొమ్మిదో తరగతి పిల్ల.