మా అక్క ఒప్పుకున్న హోటల్

మొన్న సాయంత్రం ఎదురింటాయన నన్ను గేటు దగ్గర నిలబెట్టి ఒక సలహా అడిగాడు. భార్యాపిల్లలతో హైదరాబాద్ వెళ్తున్నాడట. చిక్కడపల్లిలో చుట్టాల ఇంట్లో ఏదో పని. మధ్యాహ్నం అందరూ కూర్చుని తృప్తిగా తినే హోటల్ ఉంటే చెప్పమన్నాడు. "ఫోన్ల చూస్తే అన్నింటికీ చుక్కలే ఉన్నయి సార్, ఏది నమ్మాల్నో తెలుస్తలేదు" అన్నాడు. నేను అశోక్‌నగర్‌లో ఒక సందు గుర్తులు చెప్పి, అక్కడికి వెళ్లి తినమన్నాను. దానికెన్ని చుక్కలున్నాయని అడిగాడు. చుక్కల సంగతి తెలియదు గానీ మా అక్క ఒప్పుకున్న హోటల్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మా అక్కను ఎరిగినవాళ్లకైతే అంతకంటే చెప్పక్కర్లేదు.

మా అక్క నాకంటే వయసులో కొంచెం పెద్ద, అనుమానంలో చాలా పెద్ద. పుచ్చకాయ కోసి చూపిస్తే, ఆ ముక్క వేరే కాయదేమోనని మళ్లీ అతికించి చూసేది. పాల ప్యాకెట్ మీద తేదీ చదివేది, ఆ తేదీ వేసినవాడిని మాత్రం నమ్మేది కాదు. హనుమకొండలో మా ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా వంటవాళ్లను మొదటి బంతిలో కూర్చోబెట్టి, దగ్గరుండి వడ్డించేది. వియ్యాలవాళ్లు అది చూసి ఎంత మర్యాద అని మురిసిపోయేవారు. అది మర్యాద కాదు, పరీక్ష. వండినవాడు తన వంట తాను తినడానికి జంకుతున్నాడా లేదా అని ఆమె వాడి గొంతు వైపే చూస్తూ నిలబడేది. వాడు మింగాకే మిగతావాళ్లకు విస్తళ్లు పడేవి. అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆమె నోటి నుంచే రావాలి. నాకు ఎదురుచెప్పే అలవాటు లేదు, మా ఆవిడకు ఎదురుచెప్పే ఓపిక లేదు.

మా అమ్మాయి గ్రూప్స్ పరీక్షలకు తయారవుతానని అశోక్‌నగర్ హాస్టల్లో చేరింది. పొద్దున కోచింగ్, మధ్యాహ్నం నుంచి చిక్కడపల్లి లైబ్రరీ అని ఫోన్లో చెప్పేది. నేను నమ్మాను. ఆఫీసర్ కాబోతోందని వీధంతా చెప్పుకున్నాను కూడా. మా అక్క నమ్మలేదు. ఫోన్ మాట్లాడుతుంటే వెనక కుక్కర్ విజిల్ వినిపించిందంది. బతుకమ్మకు ఇంటికొచ్చినప్పుడు పిల్ల చెయ్యి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్ల అవతలికి వెళ్లాక గొంతు తగ్గించి అడిగింది.

"చదువుకునే పిల్ల చేతికి పోపు చిట్లిన మచ్చలు ఎట్లొస్తయి తమ్మీ? అది ఎవరికో వండి పెడుతుంది."

ఆ మాట విన్నాక నాకు రాత్రుళ్లు నిద్ర లేదు. ఎవరికో అంటే ఎవరికి? ఎవరినైనా చేసుకొని మాకు చెప్పలేదా? అడిగితే దూరమైపోతుందేమోనని నాకు భయం, అడగకపోతే చెయ్యి దాటిపోతుందేమోనని మా ఆవిడకు భయం. మా అక్కకు భయాల్లేవు. ఒక ఆదివారం నన్ను లేపి బస్సెక్కించింది. చంకలో మడిచిన పెద్ద సంచి ఒకటి. అది ఎందుకని అడిగితే, పిల్ల బట్టలకు అంది. అనుమానం నిజమైతే ఆ సాయంత్రమే పిల్లను వెంట తెచ్చేయాలని ఆమె నిర్ణయం. పైకి మాత్రం, అందరం కలిసి ఒక పూట మంచి హోటల్లో భోంచేద్దామని వచ్చినట్టు.

ఉప్పల్‌లో దిగి, సిటీ బస్సులో అంబర్‌పేట మీదుగా నారాయణగూడ చేరేసరికి పిల్ల చౌరస్తాలో నిలబడి ఉంది. చిక్కిందేమీ లేదు, పైగా కాస్త నిగారించింది. మా అక్కకు అదీ అనుమానమే. హాస్టల్ తిండి తిన్న మొహం కాదట.

ఇక హోటళ్ల వేట మొదలైంది. మొదటిదాని బోర్డు మీద ఫ్యామిలీ రెస్టారెంట్ అని ఉంది. "కుటుంబాలొచ్చే హోటలైతే మళ్ల బోర్డెందుకు?" అంటూనే మా అక్క మెట్లెక్కింది. లోపల పట్టపగలే చీకటి, టేబుల్‌కొక గుడ్డి దీపం. ఏం పెడుతున్నారో కనబడకుండా ఆర్పేశారని వెంటనే దిగిపోయింది. ఇంకోచోట జనం బయట నిలబడి తింటున్నారు. కూర్చుంటే నిలదీసి అడుగుతారని కుర్చీలు వేయలేదంది. చిక్కడపల్లి వైపు నడిచాక ఒకటి బాగానే కనబడింది. శుభ్రమైన బల్లలు, పిల్లాపాపలతో వచ్చినవాళ్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా అక్క కూర్చోకుండానే వడ్డించే మనిషిని అడిగింది.

"వండినోళ్లు ఇక్కడ్నే తింటరా?"

"లేదమ్మా, వాళ్లు ఎదురుగ బండి మీద తింటరు" అన్నాడతను అమాయకంగా. మళ్లీ రోడ్డు మీద పడ్డాం. మెట్రో స్తంభాల నీడ చూసుకుంటూ నడుస్తుంటే ఆకలికి నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఆమె మాత్రం ఊరేగింపులో నడిచినట్టు నడుస్తోంది.

అశోక్‌నగర్ చేరాక ఒక సంగతి నేనూ గమనించాను. ఒక సందు మొదట్లోకి రాగానే పిల్ల అడుగు వేగం పెరిగింది. అందులో ఏముందని అడిగితే, "ఏం లేదత్తమ్మా, ఒక మెస్సుంది, అక్కడ బాగుండది, ఇటు పోదాం" అంది. పొద్దుటి నుంచి ఏ హోటల్‌కూ వంకపెట్టని పిల్ల దీనికి వంకపెట్టింది. మా అక్క అక్కడే ఆగి, నా వైపు ఒక చూపు చూసి, సందులోకి తిరిగింది.

అది పాత ఇంటి వరండాలో నడుస్తున్న మెస్సు. కోచింగ్ పిల్లలు పుస్తకాలు పక్కన పెట్టుకొని తింటున్నారు. మెస్సు నడిపే ఆవిడ మా అమ్మాయిని చూసి నోరు తెరిచింది. పిల్ల కళ్లతోనే ఏదో సైగ చేసింది. ఆవిడ నోరు మూసుకుంది. మా అక్క కళ్లు అదంతా చూశాయి. పిల్ల తనకు ఆకలి లేదని చెప్పి ఒక మూలకు కూర్చుంది. మాకు రెండు ప్లేట్లు వచ్చాయి. ముద్దపప్పు, చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు. నేను చెయ్యి పెట్టబోతుంటే మా అక్క నా మణికట్టు పట్టుకుంది.

"వండినోళ్లను పిలువమ్మా. నా ముందట తినమను" అంది మెస్సు ఆవిడతో.

ఆవిడ కదలలేదు. మా అమ్మాయి వైపు చూసింది. పిల్ల లేచి వెళ్లి చేతులు కడుక్కొని వచ్చింది. మా అక్క ముందున్న ప్లేటు తన వైపు జరుపుకుంది. అన్నంలో పప్పు కలిపి, తల వంచుకొని ముద్ద తర్వాత ముద్ద తినసాగింది.

"నువ్వెందుకు తింటున్నవ్?"

"పొద్దుగాల వండింది నేనే అత్తమ్మా."

నాకు ముందు ఊరట కలిగింది, వెంటనే కోపం వచ్చింది. రోజూ ఫోన్లో అబద్ధం చెప్పిందన్న బాధ ఆ రెండింటికంటే ఎక్కువ. పిల్ల ఏడవలేదు. "చదువుకుంట కూసుంటే అక్షరాలు కనబడ్తయి గని లోపలికి పోతలేవు నాన్న. కోచింగ్ ఎప్పుడో బంద్ చేసిన. ఈడ పొద్దుగాల పొయ్యి ముట్టిస్తే పానం నిమ్మళమైతది" అంది. నేను లేచి నిలబడ్డాను. బట్టలు సర్దుకొమ్మని ఆ రోజు నేనే అనేవాడిని. మా అక్క కూర్చొమ్మని చేత్తో సైగ చేసి, సంచి కుర్చీలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. మూతలు తీసిన చప్పుడు, డబ్బాలు జరిపిన చప్పుడు, సిలిండర్ కదిపిన చప్పుడు. తనిఖీకి ఎవరో అధికారి వచ్చినట్టు మెస్సు ఆవిడ కొంగు సర్దుకుంటూ గుమ్మంలో నిలబడింది. పిల్ల మెతుకు నోట్లో పెట్టుకోకుండా లోపలి వైపే చూస్తోంది.

మా అక్క తిరిగొచ్చి కూర్చుని, పచ్చిపులుసు అరచేతిలో పోసుకొని తాగింది. మళ్లీ పోసుకుంది.

"నూనె మంచిదే వాడుతున్నరు" అంది. నా ప్లేటు నా ముందుకు జరిపి, "ఎవరికో వండి పెడుతుందని నేనన్ననా లేదా? ఇంతమందికని అనుకోలే. తిను తమ్మీ, సల్లారుతుంది" అంది.

సంచి వచ్చినట్టే ఖాళీగా మాతో తిరిగొచ్చింది. ఉప్పల్ దాటాక మా అక్క కిటికీలోంచి చూస్తూనే, ఆ మెస్సు ఆవిడ మాత్రం మరీ తక్కువ మాట్లాడుతోందని, ఒక కన్నేసి ఉంచమని చెప్పింది. నేను వీధిలో ఆఫీసర్ మాట మానేయడానికి చాలాకాలం పట్టింది.

ఇప్పుడా మెస్సు సగం మా అమ్మాయిది. మోకాళ్ల నొప్పులతో మా అక్క హైదరాబాద్ వెళ్లలేకపోతోంది. అటునుంచి ఎవరు వచ్చినా పిల్ల వాళ్ల చేతికి ఒక డబ్బా ఇచ్చి పంపుతుంది. మా అక్క మూత తీయదు. ముందు నాతో పిల్లకు ఫోన్ చేయించి, "నువ్వు తిన్నవా?" అని అడుగుతుంది. తిన్నానని అటునుంచి వినబడ్డాకే డబ్బా తెరుస్తుంది. ఒకప్పుడు వంటవాళ్లను వణికించిన ప్రశ్నే అది, గొంతు కూడా అదే. ఇన్నేళ్లలో అందులోంచి అనుమానం ఏ రోజు జారిపోయిందో, పక్కనే కూర్చొని ఫోన్ పట్టుకునే నాకే తెలియలేదు.