జేబులో కుడిచెయ్యి

రేవులో ఆయన్ని అందరూ వంకలాయన అంటారు. లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. మహాసముద్రం దాటడానికి తెరచాప పడవ కొంటానని వచ్చి, చూసిన ప్రతిదానికీ ఏదో ఒక వంక పెట్టి దిగిపోతాడు. పాపం, పడవల బ్రోకరుకు తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు ఆ కల ఆయన భార్యది. ఆవిడ టైలరు. మిషను ఎదుట గోడకు సముద్రాల పటం తగిలించుకుని, మొగుణ్ణి పోరి పోరి తెరచాప ఎత్తడం నేర్పించింది. తీరా షాపు మూసి బయల్దేరదామనుకునే వేళకు ఆవిడకి పక్షవాతం. మాటా నడకా తిరిగొచ్చాయి గానీ కుడిచెయ్యి మొండికేసింది. ఈ వంకలన్నీ ప్రయాణం ఎగ్గొట్టడానికేనని ఆవిడ అనుమానం. పైకి అడగలేక లోలోపలే కుమిలిపోయేది.

ఆ రోజు బ్రోకరు చూపించిన పడవ, అబ్బో, కళ్ళు చెదిరిపోయేలా ఉంది! లోపల పెద్ద హాలు, సోఫాలు. ఆయన ఎప్పటిలాగే కుడిచెయ్యి జేబులో దోపుకుని దిగాడు.

"చెయ్యి బయటికి తియ్యండి. దొరగారిలా ఏమిటా ఫోజు?" అంది ఆవిడ.

ఆయన హాలు మధ్యలో నిలబడి పెదవి విరిచాడు. "పడవ ఒరిగితే ఇక్కడ పట్టుకోడానికేముంది? ఆ మూల నుంచి ఈ మూలకి దొర్లడమే."

"అన్నీ చేతికందే ఇరుకుది కావాలంటే అదుగో, ఎవరూ కొనని పడవ ఒకటుంది సార్," అన్నాడు బ్రోకరు విసుగ్గా.

పక్కనే ఉంది. పాతది, బరువుది, రంగు వెలిసినది. ఆవిడ పైనుంచి చూస్తుండగా ఆయన లోపలికి దిగాడు. పోయేటప్పుడు ఒక పక్కా, వచ్చేటప్పుడు రెండో పక్కా, అడుగడుగునా ఎడమచేతికి పిడి అందింది. పొయ్యి దగ్గర, పడవ ఒరిగినా పడకుండా నడుముకు పట్టీ తగిలించుకుని, ఎడమచేత్తోనే గిన్నె దించి చూశాడు. పైకొచ్చి, కూర్చున్నచోటు నుంచే ఎడమచేత్తో మర తిప్పి తెరచాప తాడు బిగించాడు. కుడిచెయ్యి జేబులోంచి కదల్లేదు.

అప్పుడు అర్థమైంది ఆవిడకి. ఇన్నాళ్ళూ ఎక్కిన ప్రతి పడవలోనూ ఆయన ఆయనగా తిరగలేదు. ఆవిడగా తిరిగాడు. ఈ మనిషినా నేను అనుమానించిందని ఆవిడ గుండె చెరువైపోయింది.

"ఇదే," అన్నాడాయన.

ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే పడవకేసి చూసింది.

"రంగు అస్సలు బాగాలేదండీ."

"ఇంక నువ్వు మొదలెట్టావా?" అంటూ ఆయన జేబులోంచి చెయ్యి తీసి, ఆవిణ్ణి లోపలికి దించాడు.