ముగ్గు చెరిగిన మధ్యాహ్నం

మొన్న మా మనవడి ఫోన్ టింగుమని మోగింది. చూస్తే మా గుమ్మం ముందు పిల్లి. వాకిట్లో ఏది కదిలినా ఆ కెమెరా తనంతట తానే కబురు పెడుతుందట. వాడికి అది మామూలే. నాకు మాత్రం తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు, అశోక్‌నగర్‌లో మా బావగారు నడిపే ఆడపిల్లల హాస్టల్లో, ఒక్క కదలిక కోసం కళ్లు కాయలు కాచేలా కూర్చున్న రోజు గుర్తొచ్చింది.

బడికి పోకుండా ఇంట్లోనే మా నాన్న దగ్గర నాలుగక్షరాలు నేర్చుకున్న నేను, రోజూ చిక్కడపల్లి గుడిలో దండం పెట్టుకుని, అటునుంచటే నడిచి వెళ్లి ఆ హాస్టల్ మంచిచెడ్డలు చూసుకునేదాన్ని. పిల్లలంతా గవర్నమెంటు పరీక్షలకు చదవడానికి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఒక శుక్రవారం సాయంత్రం వాళ్లలో ఒకమ్మాయి ఏడుస్తూ వచ్చింది. పొద్దున చెప్పులేసుకుంటూ వరండా బెంచీ మీద పెట్టి మరిచిన సర్టిఫికెట్ల ఫైలు లేదు, సోమవారమే వెరిఫికేషన్. అందరూ క్లాసులకు పోయాక అక్కడ మిగిలింది ఊడ్చి తుడిచే అక్క ఒక్కతే. "ఇంకెవరు తీస్తరు?" అన్నారు పిల్లలు. రేపట్నుంచి ఆమెను రావద్దని చెప్పేయమన్నారు బావగారు.

భగవంతుడు క్షమించుగాక, ఒక్క క్షణం నాకూ అనుమానం కలిగింది. ఆ సిగ్గుతోనే ఒక్కరోజు గడువడిగి, మర్నాడు పొద్దున్నే హాస్టల్ వాకిట్లోని సీసీ కెమెరా రికార్డింగు ముందు కూర్చున్నాను. అక్క పదకొండింటికి వెళ్లడం కనిపించింది, భుజాన ఎప్పటి సంచే. అందులో ఏముందో కెమెరాకేం తెలుసు? బెంచీయేమో స్తంభం చాటున పడింది. ఆపైన ఎంతసేపు చూసినా ఖాళీ వాకిలే. కదలికలు వెతికే బటన్ నొక్కితే, తీగ మీద ఆరేసిన చున్నీలు ఊగినప్పుడల్లా అదొక కదలికే. వేగంగా తిప్పితే ఏదైనా జారిపోతుందేమోనని భయం, మామూలుగా చూస్తే గంటకే కళ్లు మండాయి.

అప్పుడు నా చూపు మెట్టు ముందున్న ముగ్గు మీద పడింది. శుక్రవారమని వాకిలంతా కడిగి అక్క వేసి వెళ్లిన పెద్ద ముగ్గు. ఇక మనుషుల్ని వెతకడం మానేసి ముగ్గునే చూశాను. ఒంటిగంటకు నిండుగా ఉంది. మూడింటికి ఒక మూల చెరిగింది. మధ్యలో రెండింటికి చూస్తే ఇంకా నిండుగానే ఉంది. అలా సగం సగం తగ్గించుకుంటూ పోతే రెండుంబావుకు దొరికాడు, మా సందు చివర ఇస్త్రీ బండి అన్న. చంకలో బట్టల మూట.

నేనూ ఆ అమ్మాయీ గబగబా అతని బండి దగ్గరికి వెళ్లాం. ఫైలు మీదే ఎవరో పిల్ల ఇస్త్రీ బట్టలు పెట్టి పోయిందట, అతను చూసుకోకుండా మొత్తం మూటగట్టాడు. "ఇంక ఇప్పనేలేదమ్మా, ఇప్పితే నేనే తెచ్చిస్తుంటి గద!" అని ఒకటే పరేషాన్.

ఫైలు ఇవ్వడానికి మా వెంట హాస్టల్‌కి వచ్చిన అతని మీద, అప్పటికే పనికొచ్చి సంగతంతా విన్న అక్క విరుచుకుపడింది. "గింత పెద్ద ముగ్గు కండ్లవడలేదా నీకు? ఆకాశం జూస్కుంట నడుస్తవా?" అందరం నవ్వాం. తర్వాత మా వైపు తిరిగి నెమ్మదిగా, "శుక్రవారం శుక్రవారం ఇస్త్రాయన వస్తడని నాకెర్కనే. నన్నొక్క మాట అడిగిండ్రా అమ్మా?" అంది.

నవ్వు ఆగిపోయింది. ఆ అమ్మాయి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. సోమవారం అక్క ఎదురొచ్చాకే ఫైలు పట్టుకుని గడప దాటింది, ఉద్యోగమూ వచ్చింది. అక్క మాత్రం పని మానేసి పోలేదు. ఆ దయకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు మా అపార్టుమెంటులో పనివాళ్లు ఏ నిమిషానికి వచ్చి ఏ నిమిషానికి వెళ్లారో ఫోన్లోనే తెలుస్తోంది. పొద్దున ఏం తిని వచ్చారో ఎవరికీ తెలియడం లేదు. అడగడానికి దేవుడి దయవల్ల నాకింకా నోరుంది. నిన్న కొత్తగా కుదిరినామెను అడిగాను. చీపురు పక్కన పెట్టి, కూర్చుని, వాళ్ల ఊరి సంగతులన్నీ చెప్పింది.