పత్తికాయల అంచు

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఏళ్ళ తరబడి గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. బొమ్మల కాలేజీలో డిగ్రీ చదివాను. ఆ డిగ్రీతో ఏం చేశానంటారా? పంద్రాగస్టుకు ముగ్గులేశాను, సైన్సు మేడమ్ రికార్డులో కప్పలు గీశాను. కనబడిన ప్రతివాడూ బొమ్మలేస్తే ఏమొస్తుందమ్మా అని అడిగేవాడే. విని విని విసుగెత్తింది. జీతం చాలక, మగ్గాలకు పని ఇచ్చే ఒక షావుకారుకు చీర అంచులు గీసి చూపించాను. జీవం లేదని తిప్పి పంపాడు.

అప్పుడు పదో తరగతిలో రేణుక ఉండేది. నేతగాడి కూతురు. పగిలిన పత్తికాయలతో ఒక అంచు గీసింది. దిద్దుతానని ఇంటికి తెచ్చాను. నేతకు పనికొచ్చేలా గళ్ళ కాగితం మీదికి ఎక్కించి, నాదేనని షావుకారుకు ఇచ్చాను. మెచ్చుకుని, డబ్బులిచ్చి ఇంకా తెమ్మన్నాడు. తెచ్చాను. అవీ రేణుకవే. నేను నేర్పిందే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఏం నేర్పాను, నా తలకాయ?

ఒకరోజు వాళ్ళ నాన్న బడికి వచ్చాడు.

"మేడమ్, పాప బొమ్మల కాలేజీకి పోతానని మొండికేసింది. ఆ సదువు కూడు పెడ్తాదా? ఇప్పుడు షావుకారిచ్చిన పత్తికాయల అంచు నేస్తాండాను. ఎవురో బాగా సదివినోల్లే గీసింటారు. అట్లాంటోల్లకైనా జరుగుబాటు ఉంటాది గదా?"

"ఉండదన్నా. నన్ను చూస్తాండావు గదా."

ఆయన నమ్మాడు. దండం పెట్టి మరీ వెళ్ళాడు.

ఆ పిల్ల నాలా అగచాట్లు పడకూడదనే అలా అన్నానని చాలాకాలం అనుకుంటూ వచ్చాను. పచ్చి అబద్ధం. కాలేజీకి పోతే తన చేతి విలువ తనకు తెలిసిపోతుంది, ఇక నాకు అంచులు దొరకవు, అదీ నా భయం. నీ మగ్గం మీద ఉన్నది నీ కూతురి బొమ్మేనని ఒక్క ముక్క చెప్పలేకపోయానా?

ఇంట్లో నేస్తున్న అంచును రేణుక గుర్తుపట్టకుండా ఉంటుందా? ఆ తర్వాత నా ముందు డ్రాయింగ్ పుస్తకం తెరవలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. టీచరు మీద చెబితే ఎవరు నమ్ముతారు?

మొన్న ఆదోనిలో ఒక చీరల అంగడికి వెళ్ళాను. అమ్మేది రేణుక. నవ్వలేదు, ముఖమూ తిప్పుకోలేదు. ఒక చీర తీసి నా ముందు పరిచింది. అదే అంచు.

"ఇది ఇప్పటికీ బాగా పోతాంది మేడమ్" అంది.

కొనలేకపోయాను. అంగడి నుంచి బయటపడ్డాను.

ఇప్పటికీ పిల్లల తల్లిదండ్రులు అదే ప్రశ్నతో వస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. మంట వాళ్ళ మీద కాదని ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. చెప్పేస్తే గొంతు తేలికవుతుందనే చెబుతున్నాను. బొమ్మ కూడు పెడుతుంది. రేణుక బొమ్మ పెట్టింది. తిన్నది నేను.