మాకంటే ముందు బయలుదేరిన సంచి

మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా దూరం ప్రయాణం పెట్టుకుంటే, మనుషుల కంటే ముందు సంచి బయలుదేరేది...

మంచి రోజున ఎలాగూ పోలేం అనుకోండి. సెలవు దొరకదు, టికెట్ దొరకదు. అప్పుడు ఆ మంచి రోజున ఒక సంచిలో బట్టలు సర్ది, పక్కవాళ్లింట్లో పెట్టేవారు. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. ఇక ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత ఏ చెడ్డ రోజున వెళ్లినా ఫరవాలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా మా ఇంట్లోనూ పెట్టారు.

అప్పుడు మేం నాచారంలో ఉండేవాళ్లం... ఫ్యాక్టరీల వెనక గల్లీలో. బాపు అక్కడే ఫిట్టర్‌గా చేసి, మస్కట్‌లో పని దొరికితే వెళ్లాడు. ఏడాది తిరిగేసరికి అమ్మను, నన్ను, తమ్ముడిని రమ్మన్నాడు. వెళ్లడం ఖాయం. ఎప్పుడు వెళ్లాలన్నదే పెద్ద పంచాయితీ అయిపోయింది.

బాపు ఫోన్ పక్కింటికి వచ్చేది. స్పీకర్ పెడితే గల్లీకంతా వినపడేది.

"ఈడ బడి ఏప్రిల్ల షురూ అయితది. లేటైతే సీటు ఉండదు. పిల్లకు ఒక ఏడు ఖరాబ్ అయితది!"

"ఏప్రిల్లనే గదా దానికి పరీక్షలు? రాయకుండ వస్తే ఈడ ఏడు ఖరాబ్ గాదా?" అని అమ్మ.

ఉప్పల్ నుంచి పెద్దమ్మ దిగింది. ఆమెకు బడులతో పని లేదు, పంచాంగంతోనే పని. "మార్చి దాటితే మూఢం పడుతది. చిన్న పిల్లలను తీస్కొని మూఢంల సముద్రం దాటుతరా? ఏమన్న సోయి ఉందా మీకు?" అని గయ్యిమంది.

మా స్కూల్ సారేమో, చివరి పరీక్ష ఒక్కటి తప్పినా సర్దుతానుగానీ మిగతావి రాయాల్సిందే అన్నాడు.

అందరూ నా ఏడాది గురించే కొట్లాడారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు... అడిగితే చెప్పేదాన్ని. నాకు స్వరూపతో కలిసి ఏడో తరగతికి వెళ్లాలని ఉండేది. అంతే. స్వరూప అంటే ఆ ఫోనున్న పక్కింటి పిల్ల. ఒకటో తరగతి నుంచి ఇద్దరిదీ ఒకే బెంచి.

చివరికి ఏప్రిల్ మధ్యలో, చివరి పరీక్షకు ముందు రోజు టికెట్ దొరికింది. పెద్దమ్మ శాంతించలేదు. మార్చిలోనే మంచి రోజు చూసి, తలా ఒక జత సంచిలో పెట్టి, కొబ్బరికాయ కొట్టి, స్వరూప వాళ్లింట్లో పెట్టేసి వచ్చింది. "సంచి గడప దాటింది. ఇగ మీరు పోయినట్టే. దాన్ని మల్ల ఇంట్లకు తెచ్చిన్రో... నా మీద ఒట్టే!"

మర్నాడు పొద్దున బడికి తయారవబోతే నా యూనిఫాం లేదు. దండెం మీద ఇస్త్రీ చేసి వేసిందాన్ని, మంచి బట్టలనుకొని పెద్దమ్మ సంచిలో పెట్టేసింది! ఉన్నది ఆ ఒక్క జతే. రెండోది పొట్టిదై ఎప్పుడో మసిగుడ్డ అయింది.

అమ్మ తల పట్టుకుంది. గోడ అవతలి నుంచి స్వరూప వాళ్లమ్మ నవ్వింది. "ఇంటికి తేవద్దన్నది గని, మా ఇంట్ల తొడుక్కోవద్దని అన్నదా? రా బిడ్డా!"

ఇక రోజూ అదే తంతు... ఇంట్లో స్నానం, స్వరూప ఇంట్లో యూనిఫాం. సాయంత్రం అక్కడే విప్పి, పాత గౌను వేసుకొని మా ఇంటికి రావడం. స్వరూప వాళ్లమ్మే ఉతికి ఆరేసేది. గల్లీలో ఎదురైనవాళ్లంతా "నువ్వు మస్కట్ పోయినవ్ గదనే, ఇంక ఈడనే తిరుగుతున్నవేంది?" అని ఆటపట్టించేవారు.

నాకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. నిజంగానే వెళ్లిపోయినట్టు ఉండేది. మా ఇంట్లో అన్నం తింటున్నా చుట్టాలింట్లో తిన్నట్టే ఉండేది. మొద్దుబారిపోయానంటారే, అలా.

వెళ్లే రోజు పొద్దున్నే ఆటో వచ్చింది. సంచి ఎక్కించారు. ముందు రోజు పరీక్ష రాసి విప్పిన యూనిఫాం స్వరూప వాళ్ల దండెం మీద ఇంకా తడిగా ఉంది. ఆటో కదిలాక చూశాను. అమ్మా చూసింది. "అయ్యో" అని వెనక్కి తిరగబోతే పెద్దమ్మ చెయ్యి పట్టి ఆపింది. "బయలెల్లినంక ఎనకకు మల్లొద్దు."

ఆటో నేరుగా బేగంపేట విమానాశ్రయానికే పోయింది.

మస్కట్ బడిలో ఇంగ్లీషులో ఒక పరీక్ష పెట్టారు. నాకు సగం అర్థం కాలేదు. మళ్లీ ఆరో తరగతిలోనే కూర్చోబెట్టారు. ఇన్ని లెక్కలు వేసి, అంత పంచాయితీ చేసి... ఏ ఏడాది కోసం కొట్లాడారో అది పోనే పోయింది. బాపు రెండు రోజులు సరిగా తినలేదు. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు.

జూన్‌లో ఫోన్ చేస్తే స్వరూప మాట్లాడింది.

"నీ డ్రెస్ నేనే తొడుక్కుంటున్ననే. నాది చినిగింది. ఏమనుకోవు గదా?"

"ఏమనుకోను."

"నువ్వు యాడ కూసుంటున్నవ్?"

"ముందు బెంచీల," అన్నాను. ఏ తరగతిలోనో చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక అప్పుడు ఏడ్చాను... తెగ ఏడ్చాను. అమ్మ గాబరాపడిపోయింది. నేను వెళ్లాలనుకున్న ఏడో తరగతికి, స్వరూపతో కలిసి, నా యూనిఫాం వెళుతోంది మరి.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ తల్లుల గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు... పిల్లలతో దేశం మారడానికి ఏ నెల మంచిదని. క్షణంలో వంద జవాబులు. మూఢం మాట లేదు, పక్కింట్లో సంచి పెట్టే పని లేదు. అసలు పక్కింట్లో ఎవరుంటారో తెలిస్తే కదా!

పిల్లలను అడిగారా అని మాత్రం ఇప్పటికీ ఎవరూ అనరు.

మీ ఇళ్లల్లో కూడా ఇలా మీకంటే ముందు సంచి వెళ్లిందా? మీ వస్తువేదైనా అక్కడే ఉండిపోయిందా... చెప్పండి, వింటాను.